61 విజయాలు, ఒకే ఓటమి: ఓక్లహోమా మహిళల సాఫ్ట్‌బాల్ 2023 సీజన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా కళాశాలల మహిళా సాఫ్ట్‌బాల్‌ను కొత్తగా చూడడం మొదలుపెట్టినవారు అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. అన్ని సీజన్లనూ ముట్టుకోవడం కన్నా ఒక్క సీజన్‌ను దగ్గరగా చూస్తే ఆట బాగా అర్థమవుతుందన్న నమ్మకంతో, ఓక్లహోమా విశ్వవిద్యాలయపు 2023 సీజన్‌ను ఎంచుకున్నాను. ఆట తెలిసినవారు మొదటి రెండు ప్రశ్నలను వదిలి ముందుకు వెళ్ళవచ్చు.

సాఫ్ట్‌బాల్‌కూ బేస్‌బాల్‌కూ తేడా ఏమిటి?

మూలసూత్రం ఒకటే. పిచర్ విసిరిన బంతిని బ్యాటర్ కొట్టి, మైదానంలో గుర్తు పెట్టిన మూడు బేస్‌లను చుట్టి, తాను బ్యాటింగ్ చేసిన చోటైన హోం ప్లేట్‌కు తిరిగి చేరితే ఒక పరుగు వస్తుంది. ముగ్గురు అవుటయితే ఆ జట్టు వంతు ముగుస్తుంది. బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటే ఇక్కడ ఏడు. బేస్‌ల మధ్య దూరం అక్కడ 90 అడుగులు, ఇక్కడ 60. బంతి పెద్దది, దాని చుట్టుకొలత 12 అంగుళాలు, రంగు మెరిసే పసుపు. అన్నింటికన్నా పెద్ద తేడా బంతి విసిరే తీరులో ఉంది: పిచర్ చేతిని గుండ్రంగా పూర్తిగా తిప్పి, నడుము పక్క నుంచి, అరచేయి కింది వైపు నుంచి బంతిని వదులుతుంది.

ఈ పద్ధతిలో వేగం ఉండదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మంచి పిచర్ గంటకు 70 మైళ్ళ వేగంతో, అంటే 110 కిలోమీటర్లకు పైగా వేగంతో విసురుతుంది. పిచర్ నిలబడే చోటు హోం ప్లేట్‌కు కేవలం 43 అడుగుల దూరంలో ఉంటుంది కాబట్టి బ్యాటర్ దగ్గరికి ఆ బంతి చేరడానికి సెకనులో సగం కూడా పట్టదు. పైగా కింది నుంచి వచ్చే బంతి పైకి లేస్తున్నట్లు కనిపించే రైజ్‌బాల్, చివరి క్షణంలో కిందికి జారే డ్రాప్‌బాల్, వేగం తగ్గించి మోసం చేసే చేంజ్‌అప్ అన్నీ ఒకే చేతి కదలిక నుంచి వస్తాయి. కొట్టాలా, వదిలేయాలా అన్నది బంతి చేతిని విడిచిన వెంటనే తేల్చుకోవాలి.

ఒక సీజన్ ఎలా నడుస్తుంది?

ఫిబ్రవరిలో మొదలై జూన్ తొలి రోజుల్లో ముగుస్తుంది. మొదటి కొన్ని వారాలు జట్లు టెక్సస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా వంటి వెచ్చని రాష్ట్రాలకు వెళ్ళి వారాంతపు టోర్నమెంట్లు ఆడతాయి. మార్చి నుంచి తమ కాన్ఫరెన్స్‌లోని (కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఏర్పరచుకున్న పోటీ బృందంలోని) జట్లతో వారానికి మూడు మ్యాచ్‌ల సిరీస్‌లు ఉంటాయి. ఆ తర్వాత కాన్ఫరెన్స్ టోర్నమెంట్, మే మధ్యలో 64 జట్లతో జాతీయ టోర్నమెంట్.

జాతీయ టోర్నమెంట్‌లో మొదటి మెట్టు రీజనల్. నాలుగేసి జట్లు 16 చోట్ల ఆడతాయి. రెండుసార్లు ఓడిన జట్టు ఇంటికి వెళుతుంది. గెలిచిన 16 జట్లు రెండేసి చొప్పున సూపర్ రీజనల్‌లో తలపడతాయి, అక్కడ మూడు మ్యాచ్‌లలో రెండు గెలవాలి. మిగిలిన ఎనిమిది జట్లు ఓక్లహోమా సిటీకి చేరతాయి. మహిళల కాలేజ్ వరల్డ్ సిరీస్ అంటే ఆ ఎనిమిది జట్ల పోరు. ఫైనల్ కూడా మూడు మ్యాచ్‌లదే.

ఇంకొక నియమం కూడా తెలిసి ఉండాలి. అయిదు ఇన్నింగ్స్ పూర్తయ్యాక ఒక జట్టు ఎనిమిది పరుగుల ఆధిక్యంలో ఉంటే మ్యాచ్ అక్కడే ముగుస్తుంది. 2023లో ఓక్లహోమా ఎన్నో మ్యాచ్‌లను ఇలా తొందరగా ముగించింది.

ఇన్ని సీజన్లు ఉండగా 2023నే ఎందుకు ఎంచుకున్నారు?

ఆ ఏడాది ఓక్లహోమా 61 మ్యాచ్‌లు గెలిచి ఒకే ఒక్కటి ఓడింది. అమెరికా కళాశాలల తొలి శ్రేణి సాఫ్ట్‌బాల్ చరిత్రలో గెలుపు శాతం ప్రకారం అంతకు మించిన సీజన్ లేదు; అంతకు ముందు అందరూ గొప్పగా చెప్పుకునే 1992 నాటి యూసీఎల్‌ఏ (లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) జట్టు 54 గెలిచి 2 ఓడింది. వరుసగా మూడో టైటిల్ గెలవడం కూడా 1988 నుంచి 1990 వరకు యూసీఎల్‌ఏ సాధించిన తర్వాత మళ్ళీ ఎవరికీ చేతకాలేదు. బ్యాటింగ్ సగటు, పిచర్లు ఇచ్చే పరుగుల సగటు, ఫీల్డింగ్ శాతం మూడింటిలోనూ దేశంలో ఆ జట్టే మొదటి స్థానంలో ఉంది. ఒక విభాగంలో మేటి జట్లు ప్రతి ఏడాదీ ఉంటాయి. మూడు విభాగాల్లోనూ ముందున్న జట్టును చూడడం అరుదైన విషయం.

అయితే ఈ అంకెలు చూసి ఆ జట్టు సునాయాసంగా గెలిచిందని అనుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. మే చివరి వారం నుంచి జూన్ 8 దాకా జరిగిన మ్యాచ్‌లలో కనీసం మూడింటిలో వాళ్ళు ఓటమికి చాలా దగ్గరగా వెళ్ళారు. నన్ను ఆకట్టుకున్నది 61 విజయాల కన్నా, ఆ మూడు సందర్భాల్లో వాళ్ళు ఆడిన తీరు.

ఆ ఒక్క ఓటమి ఎవరి చేతిలో?

ఫిబ్రవరి 19న టెక్సస్‌లోని వేకోలో బేలర్ జట్టు 4-3 తేడాతో ఓడించింది. అప్పటికి ఓక్లహోమా ఎనిమిది మ్యాచ్‌లు గెలిచి ఉంది. ఆ తర్వాత సీజన్ ముగిసే వరకు ఆడిన 53 మ్యాచ్‌లలోనూ గెలిచింది. ఫిబ్రవరి నాటి ఆ మ్యాచ్ కాన్ఫరెన్స్ లెక్కలోకి రాదు; బేలర్ కూడా ఉన్న బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో ఆడిన 18 మ్యాచ్‌లలో ఓక్లహోమా ఒక్కటీ ఓడలేదు, కాన్ఫరెన్స్ టోర్నమెంట్ కూడా గెలుచుకుంది.

కోచ్ ఎవరు? ఈ జట్టు అంత బలంగా ఎలా తయారైంది?

ప్యాటీ గాసో. 1995 సీజన్ నుంచి ఆమే ప్రధాన కోచ్. అంతకు ముందు కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ సిటీ కాలేజీలో పనిచేశారు. ఆమె వచ్చిన కొత్తలో జట్టుకు సొంత మైదానం లేదు, విశ్వవిద్యాలయం ఉన్న నార్మన్ ఊరి పార్కులో ఆడేవారు. 1998లో మరిటా హైన్స్ ఫీల్డ్ వచ్చింది, 2000లో తొలి జాతీయ టైటిల్ వచ్చింది. తర్వాత 2013, 2016, 2017, 2021, 2022 టైటిళ్ళు. 2023 సీజన్ మరిటా హైన్స్ ఫీల్డ్‌లో ఆ జట్టు ఆడిన చివరి సీజన్ కూడా. పిచర్ల శిక్షణ జెన్నిఫర్ రోచా చూసేవారు, బ్యాటింగ్ శిక్షణ గాసో కుమారుడు జేటీ గాసో చూసేవారు.

జట్టు కూర్పును రెండు భాగాలుగా అర్థం చేసుకోవచ్చు. మొదటిది, కళాశాల ఆటను ఓక్లహోమా విశ్వవిద్యాలయంలోనే మొదలుపెట్టినవారు: షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) గ్రేస్ లయన్స్, సెకండ్ బేస్ దగ్గర టియారీ జెన్నింగ్స్, సెంటర్ ఫీల్డ్‌లో జేడా కోల్‌మన్, క్యాచర్ (బ్యాటర్ వెనుక బంతిని అందుకునేవారు) కిన్జీ హాన్సెన్, పిచర్లు జోర్డీ బాల్, నికోల్ మే. రెండవది, ఇతర విశ్వవిద్యాలయాల నుంచి వచ్చి చేరినవారు: మిషిగన్ నుంచి పిచర్ అలెక్స్ స్టొరాకో, ఆరిజోనా స్టేట్ నుంచి సిడ్నీ సాండర్స్, టెక్సస్ ఏ అండ్ ఎం నుంచి హేలీ లీ, అంతకు ఏడాది ముందే ఒరెగాన్ నుంచి వచ్చిన అలిస్సా బ్రీటో.

బయటి నుంచి ఇలా తారలను తెచ్చుకోవడం న్యాయమేనా అన్న విమర్శ అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ వినిపిస్తుంది. విద్యార్థి క్రీడాకారులు విశ్వవిద్యాలయం మారే వెసులుబాటు 2018లో వచ్చిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌తో (మారాలనుకునేవారి పేర్లు నమోదు చేసే జాబితాతో) చాలా పెరిగింది, అది అన్ని జట్లకూ సమానంగా అందుబాటులో ఉంది. పేరున్న జట్టుకు వెళ్ళాలని బలమైన క్రీడాకారిణులు కోరుకోవడం వల్ల బలవంతులు ఇంకా బలపడతారన్నది మాత్రం వాస్తవమే, దాన్ని కాదనలేం. కానీ తారలను ఒకచోట చేర్చినంత మాత్రాన జట్టు కాదు. గతంలో తమ జట్టుకు ప్రధాన పిచర్లలో ఒకరిగా ఉన్న స్టొరాకో, ఇక్కడికి వచ్చి మరో ఇద్దరితో వంతులు పంచుకోవడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ముగ్గురు పిచర్లు ఉండడం అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. సాఫ్ట్‌బాల్‌లో ఒకే పిచర్ వరుసగా మ్యాచ్‌లు ఆడడం మామూలే; చేయి కింది నుంచి తిరగడం వల్ల బేస్‌బాల్ పిచర్లంత విశ్రాంతి అవసరం ఉండదని చాలాకాలం భావించారు. అందుకే ఒక్క మేటి పిచర్ భుజం మీద వరల్డ్ సిరీస్ దాకా వచ్చిన జట్లు ఎన్నో ఉన్నాయి. అటువంటి జట్టును ఎదుర్కొనే బ్యాటర్లు రెండు, మూడు రోజుల్లో అదే పిచర్‌ను పదేపదే చూస్తారు. మూడోసారి వచ్చేసరికి ఆమె బంతి ఎటు తిరుగుతుందో పసిగడతారు. ఓక్లహోమాను ఎదుర్కొన్నవారికి ఆ అవకాశం దొరకలేదు. ఎడాపెడా వేగం, కదలిక మార్చే ముగ్గురిని గాసో మ్యాచ్ మధ్యలో కూడా మార్చేవారు. ఒకరి బంతికి అలవాటు పడేలోగా ఇంకొకరు వచ్చి నిలబడేవారు.

53 విజయాల పరంపరలో ఓడిపోతారనిపించిన మ్యాచ్ ఏది?

క్లెమ్సన్‌తో నార్మన్‌లో జరిగిన సూపర్ రీజనల్ రెండో మ్యాచ్. ఈ మ్యాచ్‌ను కాస్త వివరంగా చెప్పాలి.

అప్పటికి ఓక్లహోమా వరుసగా 47 విజయాలతో, 1996-97లో ఆరిజోనా నెలకొల్పిన రికార్డును సమం చేసి ఉంది. ఇంకొకటి గెలిస్తే రికార్డు తమది, వరల్డ్ సిరీస్ స్థానం కూడా తమది. ఎదురుగా ఉన్న క్లెమ్సన్ 2020లో మాత్రమే సాఫ్ట్‌బాల్ ఆడడం మొదలుపెట్టిన విశ్వవిద్యాలయం. అయినా ఆ జట్టులో ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైన వాలరీ కేగల్ ఉంది. ఆమె బంతీ విసురుతుంది, బ్యాటుతోనూ మ్యాచ్ తిప్పుతుంది.

ఏడో ఇన్నింగ్స్‌లో ఓక్లహోమా బ్యాటింగ్‌కు వచ్చేసరికి స్కోరు క్లెమ్సన్ 7, ఓక్లహోమా 4. ఇద్దరు అవుటయ్యారు. బేస్‌ల మీద ఇద్దరు ఉన్నారు. ఇంకొక్క అవుట్ పడితే పరంపర ముగుస్తుంది, మర్నాడు మూడో మ్యాచ్ ఆడాలి. అప్పుడు బ్యాటింగ్‌కు వచ్చిన కిన్జీ హాన్సెన్ కొట్టిన బంతి కంచె దాటింది, అంటే హోం రన్. మూడు పరుగులు, స్కోరు సమం. ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనూ ఫలితం తేలలేదు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో టియారీ జెన్నింగ్స్ ఇంకొక హోం రన్ కొట్టింది. 8-7తో గెలిచి, వరుసగా 48వ విజయంతో ఆరిజోనాను దాటారు.

ఓక్లహోమా గొప్పతనం గురించి ఎవరైనా అడిగితే ఫైనల్ కన్నా ముందు నేను ఈ మ్యాచ్ పేరే చెబుతాను. మూడు పరుగుల వెనుకబాటు సాఫ్ట్‌బాల్‌లో చాలా పెద్దది. ఆ సీజన్‌లో ఎన్నో మ్యాచ్‌లను తొందరగా ముగించిన జట్టుకు ఏడో ఇన్నింగ్స్ ఒత్తిడి అలవాటు తక్కువ. అటువంటి జట్టు ఆ క్షణంలో తడబడితే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వాళ్ళు తడబడలేదు. క్లెమ్సన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి: దేశంలో మరే జట్టూ చేయలేనంతగా ఆ వారాంతంలో ఓక్లహోమాను కదిలించిన ఘనత వాళ్ళది.

2023 వరల్డ్ సిరీస్‌లో ఏ జట్లు ఆడాయి?

ఓక్లహోమా, స్టాన్‌ఫర్డ్, టెన్నెసీ, అలబామా, ఫ్లోరిడా స్టేట్, ఓక్లహోమా స్టేట్, వాషింగ్టన్, యూటా. రెండో సీడ్ అయిన యూసీఎల్‌ఏ తన సొంత మైదానంలో జరిగిన రీజనల్‌లోనే వెనుదిరగడం ఆ ఏడాది పెద్ద సంచలనం.

ఓక్లహోమా తొలి మ్యాచ్‌లో స్టాన్‌ఫర్డ్‌ను 2-0తో, తర్వాత టెన్నెసీని 9-0తో ఓడించింది. సెమీఫైనల్‌లో మళ్ళీ స్టాన్‌ఫర్డ్ ఎదురైంది. ఆ జట్టులో నైజారీ కెనడీ అనే పిచర్ ఉంది. అప్పటికి ఆమె మొదటి సంవత్సరం విద్యార్థిని. దేశంలోకెల్లా బలమైన బ్యాటింగ్ వరుసను ఆమె కట్టడి చేసిన తీరు చూసినవారు మరచిపోలేరు. మ్యాచ్ తొమ్మిది ఇన్నింగ్స్ దాకా సాగింది. చివరికి జెన్నింగ్స్ కొట్టిన డబుల్‌కు (బ్యాటర్ రెండో బేస్ దాకా చేరే దెబ్బకు) ఇద్దరు హోం ప్లేట్ చేరడంతో 4-2తో ఓక్లహోమా బయటపడింది.

ఫైనల్ ఎలా జరిగింది?

ప్రత్యర్థి లోనీ అలమీడా శిక్షణలోని ఫ్లోరిడా స్టేట్. జూన్ 7న మొదటి మ్యాచ్‌లో జోర్డీ బాల్ రెండే హిట్లు (బ్యాటర్‌ను బేస్‌కు చేర్చే దెబ్బలు) ఇచ్చి, 10 మందిని స్ట్రైక్‌అవుట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేసింది. 5-0.

జూన్ 8న జరిగిన రెండో మ్యాచ్ అంత తేలికగా సాగలేదు. మూడో ఇన్నింగ్స్‌లో ఫ్లోరిడా స్టేట్ బ్యాటర్ కొట్టిన బంతి సెంటర్ ఫీల్డ్ కంచె పైనుంచి వెళ్ళిపోతోంది. జేడా కోల్‌మన్ వెనక్కి పరుగెత్తి, కంచె దగ్గర ఎగిరి, కంచె అవతలికి చేయి చాచి గ్లవ్‌తో ఆ బంతిని వెనక్కి లాక్కుంది. క్రికెట్‌లో సిక్సర్ అయిపోయిందనుకున్న బంతిని బౌండరీ తాడు దగ్గర గాల్లో అందుకోవడం ఎటువంటిదో, ఇదీ అటువంటిదే. కాకపోతే ఇక్కడ అడ్డంగా నిలువెత్తు కంచె ఉంటుంది, దానికి ఢీకొనకుండా అడుగులు లెక్కపెట్టుకుంటూ పరుగెత్తాలి. ఆ క్యాచ్ లేకపోతే ఫ్లోరిడా స్టేట్ ముందే ఆధిక్యంలోకి వెళ్ళేది.

నాలుగో ఇన్నింగ్స్‌లో మాక్ లెనార్డ్ హోం రన్‌తో ఫ్లోరిడా స్టేట్ 1-0 ఆధిక్యం సాధించింది. అయిదో ఇన్నింగ్స్‌లో సాండర్స్ హోం రన్‌తో స్కోరు సమమైంది, వెంటనే లయన్స్ ఇంకొక హోం రన్ కొట్టింది. తర్వాత మరొక పరుగు చేరింది. చివరి మూడు ఇన్నింగ్స్ బాల్ విసిరి 3-1తో మ్యాచ్ ముగించింది. వరల్డ్ సిరీస్ మొత్తంలో ఆమె 24కు పైగా ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం ఆమెకే దక్కింది.

వరల్డ్ సిరీస్ ఎప్పుడూ ఓక్లహోమా సిటీలోనే జరిగితే ఆ జట్టుకు అనుకూలం కాదా?

ప్రేక్షకుల విషయంలో అనుకూలమే. నార్మన్ నుంచి ఆ స్టేడియానికి కారులో గంటలోపే చేరుకోవచ్చు, 13 వేల మందికి పైగా పట్టే ఆ మైదానంలో ఎరుపు చొక్కాలే ఎక్కువగా కనిపిస్తాయి. కానీ 1990 నుంచి, 1996 ఒక్క ఏడాది మినహా, పోటీలు అక్కడే జరుగుతున్నాయి. ఓక్లహోమా తొలి టైటిల్ గెలవడానికి అందులో పదేళ్ళు పట్టింది. ఆ పదేళ్ళలో అదే మైదానంలో ఆరిజోనా, యూసీఎల్‌ఏ జట్లు టైటిళ్ళు ఎగరేసుకుపోయాయి. దగ్గరితనం ఒక్కటే గెలిపించదు.

ఫైనల్‌కు ముందు క్రీడాకారిణుల విలేఖరుల సమావేశం గురించి ఎందుకు అంత చర్చ జరిగింది?

ఇంత ఒత్తిడిలో ఆనందాన్ని ఎలా నిలుపుకుంటున్నారని ఒక విలేఖరి అడిగినప్పుడు లయన్స్, కోల్‌మన్, బ్రీటో ముగ్గురూ తమ క్రైస్తవ విశ్వాసం గురించి మాట్లాడారు. గెలుపోటముల మీద ఆధారపడే ఆనందం నిలవదని వారి సమాధానాల సారాంశం. ఆ దృశ్యం సాఫ్ట్‌బాల్ చూడనివారికి కూడా చేరింది. విశ్వాసం సంగతి ఎవరి ఇష్టం వారిది. క్లెమ్సన్ మ్యాచ్‌లో ఏడో ఇన్నింగ్స్‌ను చూసినవారికి మాత్రం ఆ మాటలు మైదానంలో కనిపించిన నిబ్బరానికి సరిపోయాయి.

ఈ క్రీడాకారిణులకు డబ్బు వచ్చేదా?

2023లో ఒక్కో జట్టుకు 12 పూర్తి ఉపకార వేతనాలకు సమానమైన మొత్తమే అనుమతి ఉండేది. దాన్ని ఇరవై మందికి పైగా పంచేవారు కాబట్టి చాలామంది చదువు ఖర్చులో కొంత భాగం సొంతంగా భరించేవారు. 2021 జులై నుంచి క్రీడాకారులు తమ పేరు, రూపం వాడుకోనిచ్చి వాణిజ్య ఒప్పందాల ద్వారా సంపాదించుకోవచ్చు. ఆ మార్పు ఎంత దూరం వెళ్ళిందంటే, పైన చెప్పిన కెనడీ 2024లో స్టాన్‌ఫర్డ్ వదిలి టెక్సస్ టెక్‌కు మారినప్పుడు ఆమె ఒప్పందం విలువ ఏడాదికి పది లక్షల డాలర్లు దాటింది. ఆడపిల్లల చదువులోనూ ఆటల్లోనూ వివక్షను నిషేధించిన 1972 నాటి టైటిల్ 9 చట్టం లేకపోతే ఈ ఆటకు విశ్వవిద్యాలయాల్లో ఇంత చోటు ఉండేది కాదు. జాతీయ కళాశాల క్రీడా సంఘం ఆధ్వర్యంలో మహిళల సాఫ్ట్‌బాల్ టోర్నమెంట్ 1982లో మొదలైంది.

ఆ జట్టు తర్వాత ఏమైంది?

టైటిల్ గెలిచిన కొద్ది రోజులకే జోర్డీ బాల్ సొంత రాష్ట్రమైన నెబ్రాస్కాకు తిరిగి వెళుతున్నట్లు ప్రకటించింది. 2024 తొలి మ్యాచ్‌లోనే మోకాలి గాయంతో ఆమె ఆ సీజన్ మొత్తానికీ దూరమైంది, 2025లో తిరిగి వచ్చి ఆడింది. ఓక్లహోమా కొత్త మైదానం లవ్స్ ఫీల్డ్ 2024 మార్చి మొదట్లో ప్రారంభమైంది. అదే వారాంతంలో లూసియానా జట్టు అక్కడే 7-5తో గెలిచి, అప్పటికి 71కి చేరిన విజయ పరంపరకు తెర దించింది. అయినా ఆ జూన్‌లో ఫైనల్‌లో టెక్సస్‌ను ఓడించి, వరుసగా నాలుగో టైటిల్ గెలిచిన తొలి జట్టుగా ఓక్లహోమా నిలిచింది. తర్వాత ఓక్లహోమా, టెక్సస్ రెండూ బిగ్ 12ను వదిలి ఎస్‌ఈసీ అనే మరో కాన్ఫరెన్స్‌లో చేరాయి. 2025 టైటిల్ టెక్సస్‌కు దక్కింది, అది ఆ విశ్వవిద్యాలయానికి మొదటిది.

తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారు ఈ మ్యాచ్‌లను ఏ సమయంలో చూడాలి?

మార్చి రెండో వారం నుంచి ఓక్లహోమా గడియారం మన కన్నా పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ రాత్రి ఏడు గంటలకు మొదలయ్యే మ్యాచ్ మనకు తెల్లవారుజామున అయిదున్నరకు మొదలవుతుంది. మన బడుల క్రీడా పోటీల్లోనూ సాఫ్ట్‌బాల్ ఉంది కాబట్టి, బడిలో ఈ ఆట ఆడే అమ్మాయిలు ఉన్న ఇళ్ళలో రోజూ ఒక గంట ఈ మ్యాచ్‌లు చూపించమని నా సలహా. ముఖ్యంగా బంతి కొట్టకముందే ఫీల్డర్లు ఒక్కొక్కరు ఎటు జరుగుతున్నారో గమనించమనండి. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మళ్ళీ ఉంది. ఆ మ్యాచ్‌లను లాస్ ఏంజిలిస్‌లో కాకుండా ఓక్లహోమా సిటీలోని ఇదే స్టేడియంలో, ఇప్పుడు డెవన్ పార్క్ అని పిలుస్తున్న చోట, నిర్వహించాలని నిర్ణయించారు.